డ్రేఫసు సేనాధికారి చరిత్రము

చేయని నేరమునకు శిక్షింపబడి, సముద్రమధ్యమున నొక రాతిదీవిలో నేండ్లతరబడి బంధింపబడి, తుదకు నిర్దోషియని తీర్పు నొందిన ఫ్రెంచి సేనాధికారి ఆల్ఫ్రెడ్ డ్రేఫసు పేరు చరిత్రము చదువు పై తరగతుల విద్యార్థులకు క్రొత్తది కాదు. ఆ కథ 1906వ సంవత్సరపు తీర్పుతో సుఖాంతముగ ముగిసినట్లు పుస్తకములు పెక్కు చెప్పి యూరకుండును. కాని యా తీర్పు వెలువడి యేడాది తిరిగిన కొలదికాలమునకే, అనగా 1907లోనే, డ్రేఫసు తన యుద్యోగమును విడిచి యింటి కేగెను. ప్రాణమువలె బ్రేమించిన కొలువును, పండ్రెండేండ్లు పోరాడి తిరిగి సంపాదించుకొన్న కొలువును ఆత డేల విడిచెను? ఈ ప్రశ్నయే మమ్ము నీ వ్యాసమునకు బురికొల్పినది. దీనికి సమాధానము న్యాయస్థానముల తీర్పులలో గాక, సైన్యోద్యోగుల జ్యేష్ఠతా పట్టికలో గానవచ్చుచున్నది.

డ్రేఫసు 1859 అక్టోబరు 9వ తేదీన అల్సాసు సీమలోని ములూజు పట్టణమున నొక యూదుల కుటుంబమున జనించెను. తండ్రి రఫాయేలు బట్టల మిల్లుకు యజమాని. ధనమునకు గొదువ లేదు. తోబుట్టువులలో నితడే కడగొట్టువాడు. 1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము వచ్చెను. ఫ్రాన్సు ఓడిపోగా మరుసటి సంవత్సరము అల్సాసు సీమ జర్మనుల పాలయ్యెను. పదునొకండేండ్ల ప్రాయమున నున్న బాలునకు దన దేశము పరదేశమగుట యెట్టి యనుభవమో మనము కొంతవఱకు నూహింపవచ్చును. ఫ్రెంచివారుగనే యుండగోరువా రామాట వ్రాసియిచ్చి సీమను విడువవలెనని సంధిలో నేర్పడెను. డ్రేఫసు కుటుంబము ఫ్రెంచి పౌరసత్వమునే కోరుకొనెను. మిల్లు వ్యవహారములు చూచుటకై యొక యన్న మాత్ర మచ్చట నిలిచెను. మిల్లుదొర కుమారుడు చిట్టా పుస్తకము పట్టక కత్తి పట్టుటకు గారణ మిదియే.

1878లో నాతడు పారిసునందలి పోలిటెక్నిక్ విద్యాలయమున బ్రవేశించెను. ఫిరంగిదళమునకును ఇంజనీరు దళమునకును అధికారులను దయారుచేయు ప్రసిద్ధ విద్యాలయ మది. ప్రవేశమునకు గఠినమైన గణితపరీక్ష గలదు. 1880లో సబ్ లెఫ్టెనెంటుగ ఫిరంగిదళమున జేరి, క్రమముగ మెట్టు వెంబడి మెట్టెక్కి, 1889 సెప్టెంబరులో కెప్టెనయ్యెను. అప్పటి కింకను ముప్పది యేండ్లు నిండలేదు.

ఇచ్చట ఫ్రెంచి సైన్యమున నుద్యోగోన్నతి నడచు పద్ధతిని గొంచెము వివరింపవలసి యున్నది. చదువరులు విసుగు చెందకుందురు గాక. 1832 నాటి శాసనము ప్రకారము ప్రతి మెట్టుమీదను గొన్నియేండ్లు నిలిచిననే గాని పైమెట్టు నెక్కరాదు. కెప్టెనుగ నాలుగేండ్లు సేవచేయనివాడు మేజరు గాజాలడు. మేజరుగ మూడేండ్లు చేయనివాడు లెఫ్టెనెంటు కర్నలు గాజాలడు. ఆ పదవిలో రెండేండ్లు గడపనివాడు కర్నలు గాజాలడు. ఇది కనీసపు గడువు మాత్రమే. గడువు తీరినంతనే పదవి వచ్చి యొడిలో వ్రాలదు. క్రిందిమెట్లలో గొన్ని ఖాళీలు జ్యేష్ఠతనుబట్టియు, గొన్ని పై యధికారుల యెంపికనుబట్టియు నిండుచుండెను. మేజరునకు బైనున్న పదవులన్నియు నెంపికవే. యుద్ధకాలమున శత్రువుల గుండ్లే ఖాళీలను గల్పించును. శాంతికాలమున నట్టి ఖాళీలు లేవు. 1871 తరువాత ఐరోపాఖండమున ఫ్రాన్సునకు యుద్ధము తటస్థింపలేదు గనుక, జుట్టు నెరసినను గెప్టెనుగనే యుండి, యా పదవికి విధించిన వయఃపరిమితి రాగానే కత్తిని గోడకు దగిలించి యింటికి బోవువారు పెక్కండ్రుండిరి. పై పదవి కెక్కినవానికి వయఃపరిమితి యును బెరుగును. ఎక్కనివానికి గడువు మూసికొనివచ్చును. ఇట్టిచోట నుద్యోగికి గాలమే మూలధనము. ఒక యేడు పోయిన నది జీతములోని నష్టము గాదు, జీవితములోని నష్టము.

డ్రేఫసు ఈ సంగతి నెఱిగినవాడే. కెప్టెను గాగానే యుద్ధకళాశాల ప్రవేశపరీక్షకు గూర్చుండి కృతార్థుడయ్యెను. 1890లో లూసీ హదామారు అను కన్యను బెండ్లియాడెను. వీరికి బియేరను కుమారుడును, జానను కుమార్తెయు గలిగిరి. ఆ కళాశాలలో మొదటి పండ్రెండు స్థానములను బడసినవారిని సేనా ప్రధాన కార్యాలయమున శిక్షణకు దీసికొను నియమ మప్పటికి గొలది కాలము క్రిందటనే వచ్చినది. అంతకుముందా తలుపులు సిఫారసు గలవారికే తెరువబడుచుండెను. పరీక్షలమీద బుద్ధిని నిలిపిన యువకుల కీ నియమ మొక వరమయ్యెను. పాతపద్ధతిని మెచ్చినవారి కొక కంటకమయ్యెను.

1892లో డ్రేఫసు కళాశాలనుండి తొమ్మిదవవాడుగ నుత్తీర్ణుడయ్యెను. తొమ్మిదవస్థానము తక్కువ గాదు గాని, యాతనికి రావలసిన స్థాన మింతకంటె నధికము. పరీక్షకులలో నొకడగు బొన్‌ఫోను అను జనరలు, యూదులు ప్రధాన కార్యాలయమున నుండరాదను తలంపుతో, సాధారణ యోగ్యతకని కేటాయించిన మార్కులను డ్రేఫసునకును మఱియొక యూద విద్యార్థికిని బుద్ధిపూర్వకముగ దగ్గించి వేసెను. గణితములో దప్పు పట్టుట కష్టము. యోగ్యతయందు దప్పు పట్టుట సులభము. డ్రేఫసు తన పక్షమునను, తన తోడివాని పక్షమునను గళాశాలాధ్యక్షునికడ మొఱపెట్టెను. అధ్యక్షుడు విచారము తెలిపెనే గాని మార్కులను మాత్రము దిద్దలేదు. ఎట్లయినను మొదటి పండ్రెండుగురిలో జేరుటచే, 1893 జనవరిలో డ్రేఫసు ప్రధాన కార్యాలయమున నడుగిడెను. ఆ సమయమున నాతని యెదుట నున్న బాట తిన్ననిది.

1894 సెప్టెంబరులో, పారిసులోని జర్మను రాయబారి కార్యాలయపు చెత్తబుట్టనుండి ఫ్రెంచి వేగులవారి చేతికొక కాగితము వచ్చెను. ఫిరంగిదళమునకు సంబంధించిన రహస్యములను బంపుచున్నట్లు ఎవడో చేవ్రాలు లేకుండ వ్రాసిన జాబది. ప్రధాన కార్యాలయపు శిక్షణలో నున్న ఫిరంగి యధికారియే వ్రాసియుండునని పెద్దలు తలపోసి పట్టికను దిరుగవేసిరి. అందులో నొక యూదుడు గనబడెను. వ్రాత కొంత పోలినట్లు తోచెను. అంతే చాలినది. అక్టోబరు 15న డ్రేఫసును బిలిపించి, యొక జాబు వ్రాయుమని చెప్పి, వ్రాయుచుండగనే పట్టుకొనిరి. డిసెంబరులో సైనికన్యాయస్థానము తలుపులు మూసికొని విచారణ సాగించెను. ముద్దాయికి గాని యాతని వకీలునకు గాని చూపని రహస్యపత్రముల కట్టను న్యాయాధిపతుల కందజేసిరి. యావజ్జీవ ద్వీపాంతరవాసము విధింపబడెను.

1895 జనవరి 5వ తేదీ యుదయమున సైనిక పాఠశాల ప్రాంగణములో దళములు బారులు దీర్చి నిలువగా, డ్రేఫసును నడుమకు దెచ్చిరి. ఒక దండనాధికారి యాతని టోపిమీది చిహ్నములను, భుజములమీది పట్టీలను, లాగు ప్రక్కల నున్న యెఱ్ఱ చారలను, గుండీలను ఒకటొకటిగ బెఱికి నేల బాఱవైచెను. సులభముగ నూడివచ్చుటకై దారములను ముందుగనే వదులు చేసి యుంచిరట. పిదప గత్తిని మోకాలిపై బెట్టి విఱిచెను. అదియు ముందుగ నాకురాయితో గోయబడినదే. చినిగిన దుస్తులతో డ్రేఫసు తన తోడి సైనికుల బారుల యెదుట నడువవలసి వచ్చెను. తాను నిరపరాధినని యాతడు బిగ్గరగ జాటుచునే నడచెను. ప్రహరికి బైట గుమిగూడిన జనులు చంపుడని కేకలువైచిరి. పదునాలుగేండ్ల సేవ యొక ఘడియలో నిట్లు నేలమీద ముక్కలై పడియుండెను.

దక్షిణ అమెరికా తీరమున ఫ్రెంచి గయానాకు జేరువను దయ్యపు దీవి యను పేరుగల చిన్న ద్వీప మొకటి గలదు. పూర్వ మచ్చట గుష్ఠరోగుల నుంచుచుండిరి. 1895 ఏప్రిలులో డ్రేఫసు నచ్చట దింపిరి. కావలివారు మాటలాడరాదు, ఉత్తరములు పరీక్షింపబడి, నకళ్లుగ మాత్రమే చేరుచుండెను. 1896లో నాతడు పాఱిపోయెనను వదంతి పుట్టగా, దాదాపు రెండు మాసములు రాత్రులందు గాళ్లకు సంకెలలు బిగించి మంచమునకు గట్టిరి. గుడిసె చుట్టు సముద్రము కనబడకుండ దడి గట్టిరి. జ్వరము, చీమలు, ఎండ. వీనిని విస్తరించి వ్రాయుట మా యుద్దేశము గాదు. మేము చెప్పదలచిన దొక్కటే: డ్రేఫసు ఆ దడి లోపల దినములు లెక్కించుకొనుచుండగా, పారిసులో సైన్యోద్యోగుల పట్టిక యేటేట నచ్చగుచునే యుండెను. తోడివారి పేళ్లు పైకి జరుగుచుండెను. డ్రేఫసు పేరచ్చట లేదు.

ఈ నడుమ మఱియొక యధికారి కథ యారంభమయ్యెను. జార్జి పికారు అల్సాసు సీమవాడే. యుద్ధకళాశాలలో డ్రేఫసునకు బాఠము చెప్పినవాడే. 1895లో వేగుశాఖ కధిపతియై, 1896లో లెఫ్టెనెంటు కర్నలయ్యెను. అంత చిన్నవయసున నా పదవి నందుట యరుదు. ఆ సంవత్సరముననే యాతని చేతికి వచ్చిన మఱియొక కాగితమువలన, మొదటి జాబు వ్రాసినది డ్రేఫసు గాదనియు, అప్పులలో మునిగిన ఎస్తర్‌హాజీ యను మేజరనియు స్పష్టమయ్యెను. పికారునకు యూదులపై బ్రేమ లేదు. ఆ కాలపు దురభిమానములు కొన్ని యాతనికి నుండెను. అయినను గన్నదానిని గనలేదనుట కాతని మనస్సొప్పలేదు. పై యధికారు లాతనిని నోరుమూసికొమ్మని ట్యునీసియా యెడారులకు బంపిరి. తరువాత 1898లో సైన్యమునుండి తొలగించిరి, చెఱసాలలో బెట్టిరి. నిజము చెప్పినవానికి బదవి పోయెను, కూటలేఖను గల్పించిన హాన్రీ యను నధికారికి లెఫ్టెనెంటు కర్నలు పదవి దక్కెను. ఉద్యోగోన్నతి యను నాయుధము చెడ్డచేతులలో బడిన నెట్లు పనిచేయునో ఇంతకంటె దృష్టాంతము వలదు.

తరువాతి సంగతులు ప్రసిద్ధములు గనుక వేగముగ దాటుదుము. 1898 జనవరిలో ఎస్తర్‌హాజీని సైనికన్యాయస్థానము విడిచిపెట్టెను. రెండు దినములకు నవలాకారుడు ఎమీల్ జోలా దేశాధ్యక్షునకు బహిరంగలేఖ వ్రాసి పత్రికలో బ్రకటించి, తాను శిక్షకు గుఱియయ్యెను. ఆగస్టులో హాన్రీ కూటలేఖ బయటపడగా వాడు చెఱలో గొంతు కోసికొనెను. 1899 జూనులో నున్నత న్యాయస్థానము మొదటి తీర్పును గొట్టివేసి, రెన్ను పట్టణమున మరల విచారణ కాజ్ఞాపించెను. ఆ సైనికన్యాయస్థానము సెప్టెంబరు 9న డ్రేఫసు మరల నపరాధియేయని, కాని మన్నింపదగిన కారణములు గలవని, యైదుగురు న్యాయాధిపతులొక ప్రక్కను నిద్ద రొక ప్రక్కను నుండగా దీర్పు చెప్పెను. దేశద్రోహమునకు మన్నింపదగిన కారణము లేవియో యా న్యాయాధిపతులకే యెఱుక. పది దినములకు దేశాధ్యక్షుడు క్షమాభిక్ష నొసగెను. తన నిర్దోషత్వమును రుజువుపఱచుకొను హక్కును వదలుకొననని తెలిపి డ్రేఫసు దాని నంగీకరించెను. పికారు మున్నగు కొందఱకీ యంగీకారము రుచింపలేదు. దీవిలో నాలుగేండ్లకు బైగా మ్రగ్గి, యెముకలగూడై వచ్చినవాడు మరల జెఱకు బోనని యనుట తప్పని మాకు దోచదు.

ఇచ్చట నొక చిన్న విషయమును జెప్పక పోజాలము. 1900 మొదలు 1904 వఱకు యుద్ధమంత్రిగ నున్న జనరలు ఆంద్రే డ్రేఫసు వ్యాజ్యెమును మరల శోధింపజేసి మేలు చేసెను. ఆ మంత్రియే, యే యధికారి చర్చికి బోవునో, యెవని పిల్లలు మతపాఠశాలలో జదువుదురో రహస్యముగ దెలిసికొని చీట్లు వ్రాయించి, వానినిబట్టి పదోన్నతుల నొసగుచు, ఆపుచు నుండెను. 1904 అక్టోబరులో నీ గుట్టు శాసనసభలో రట్టు కాగా, నవంబరులో మంత్రి పదవి విడువవలసి వచ్చెను. ఒక మతమువాని నడ్డగించుట తప్పయినపుడు మఱియొక మతమువాని నడ్డగించుట యొప్పెట్లగును?

1906 జూలై 12న నున్నత న్యాయస్థానము రెన్ను తీర్పును గొట్టివేసి, డ్రేఫసుపై నే నేరమును నిలువదనియు, మరల విచారణ యనవసరమనియు జెప్పెను. మరునాడే శాసనసభ రెండు చట్టముల నంగీకరించెను. ఒకదానిచే డ్రేఫసు మేజరుగ సైన్యమున బునఃప్రతిష్ఠితుడయ్యెను. రెండవదానిచే బికారు బ్రిగేడియరు జనరలయ్యెను. కొలది దినములకు, మున్ను బట్టీలు బెఱికిన సైనిక పాఠశాలలోనే వేఱొక చిన్న ప్రాంగణమున, డ్రేఫసు రొమ్మున లెజియన్ ఆఫ్ ఆనర్ పతకము నలంకరించిరి. పుస్తకములలో గథ ముగియు తావిదియే.

ఆ చట్టములను బ్రక్కప్రక్కన బెట్టి చదివిన నొక భేదము గనబడును. పికారు పదవి 1903 జూలై 10 మొదలు లెక్కింపబడునని వ్రాసిరి. అనగా వెలిలో నున్న కాలములో మూడేండ్లు తిరిగి యిచ్చిరి. డ్రేఫసు పదవియో, చట్టము పుట్టిన దినము మొదలే లెక్క. ఆతడు 1889లో గెప్టెనైనవాడు. మేజరు కావలసిన నాలుగేండ్ల గడువు 1893లోనే తీరినది. పదునేడేండ్లకు మేజరు పదవి యిచ్చి, దానిని వరమని చెప్పిరి. మేజరుగ మూడేండ్లు పనిచేయనిదే పైమెట్టు లేదు గనుక, 1909 వఱకు లెఫ్టెనెంటు కర్నలు పదవి యాతనికి శాసనముచేతనే మూసివేయబడెను. పికారునకు బోలె మూడేండ్లు వెనుకకు లెక్కించియున్న నా దినముననే యర్హుడై యుండెడివాడు. దేవుడు వరమిచ్చినను బూజారి వరమియ్యడను సామెత మనవారిది. పారిసులోను నది చెల్లినది. జబ్బుచే నొక సంవత్సరము బడికి రాలేక, తిరిగివచ్చిన పిదప దన తోడివారు పై తరగతిలో గూర్చుండ, దాను చిన్నపిల్లల నడుమ గూర్చుండిన బాలుని మనస్సెట్లుండునో మన విద్యార్థు లెఱుగుదురు. డ్రేఫసునకు బోయినది పండ్రెండేండ్లు. పోగొట్టినది జబ్బు గాదు, ప్రభుత్వము.

వెన్సెన్నులోను, దరువాత సాన్ దెనీలోను మేజరుగ బనిచేయుచు డ్రేఫసు తన జ్యేష్ఠతను సరిదిద్దుడని కోరెను. 1906 అక్టోబరులో క్లెమెన్సో ప్రధానమంత్రి కాగా, యుద్ధమంత్రిగ నాతడు నియమించినది పికారునే. తనకై పదవిని గోల్పోయినవాడే యిప్పుడు పదవుల నిచ్చు గద్దెపై గూర్చుండెను. కాని కోరిక నెరవేఱలేదు. చట్టముచే వచ్చిన పదవిని మార్చుటకు మఱియొక చట్టము కావలెను. ముగిసిన గొడవను మరల శాసనసభలోనికి దెచ్చుట కెవ్వరికి నిష్టము లేదు. పికారుపై మాకు గౌరవము గలదు. ఒక నిరపరాధికై చెఱకు బోయినవాడు, ఆ నిరపరాధి కొఱకే యొక ప్రతిపాదనమును సభ ముందుంచుటకు వెనుకాడుట మాత్రము మాకు వింతగనే యున్నది. డ్రేఫసు నష్టపరిహారముగ నొక్క ఫ్రాంకునైన నడుగలేదు, అడిగినది కాలము. అది దొరకనందున 1907లో రాజీనామా వ్రాసి వెడలిపోయెను. నలువదియెనిమిదేండ్లయిన నిండని వయస్సది. 1895లో బట్టీలు పెఱికి వెడలగొట్టిన సైన్యము, ఈమాఱు పట్టీల నుంచియే వెడలిపోవునట్లు చేసెను. ఈ రెండవ వెడలింపునకు జనుల కేకలు లేవు, డప్పులు లేవు.

1908 జూనులో జోలా యస్థికలను బాంథెయోను మందిరమునకు మార్చు నుత్సవమున నొక పత్రికారచయిత డ్రేఫసుపై దుపాకి గాల్చెను, చేతికి గాయమయ్యెను. కాల్చినవానిని న్యాయస్థానము విడిచిపెట్టెను. దానికి డ్రేఫసు పెద్దగ నాశ్చర్యపడి యుండడు.

1914లో మహాసంగ్రామము వచ్చినపుడు రిజర్వు జాబితాలోని మేజరు డ్రేఫసును బిలిచిరి. ఏబదియైదవ యేట నాతడు మరల ఫిరంగిదళపు దుస్తులు ధరించెను. మొదట బారిసు కోటల రక్షణయందును, 1917లో షమాన్ దే దామ్ కొండలయందును వెర్దను వద్దను బనిచేసెను. కుమారుడు పియేరును నా యుద్ధమున ఫిరంగిదళముననే యుండెను. 1918 సెప్టెంబరులో డ్రేఫసునకు లెఫ్టెనెంటు కర్నలు పదవి లభించెను. కెప్టెనై యిరువదితొమ్మిదేండ్లకు, ఏబదితొమ్మిదవ యేటికి జేరువలో.

1935 జూలై 12న నాతడు పారిసులో గాలధర్మము నొందెను. నిర్దోషియని తీర్పు వచ్చి యా దినమునకు సరిగ నిరువదితొమ్మిదేండ్లు. మోంపర్నాసు శ్మశానమున సమాధి గలదు.

పట్టికలోని లెక్క యంతటితోను మూయబడలేదు. 2025 జూను 2న ఫ్రెంచి జాతీయసభయు, నవంబరు 6న సెనేటును, డ్రేఫసునకు మరణానంతరము బ్రిగేడియరు జనరలు పదవి నొసగు చట్టమును భిన్నాభిప్రాయము లేకుండ నంగీకరించెను. ఆ నవంబరు 17న నది శాసనమయ్యెను. 1906లో బికారునకు మూడేండ్లు వెనుకకు లెక్కించి యిచ్చిన పదవి యిదియే.